తొమ్మిదో మడిలో సున్నాలు

ఎనిమిదో మడిలో ఆఖరి పలకను లాగి, సంచిలో వేసి, సంచి మూతిని బొటనవేలితో ఒత్తి మూసేదాకా తెక్లా నడుం ఎత్తలేదు. ఎత్తడం కూడా ఒక్క ఊపున కాదు. ఎడమ చెయ్యి తొడ మీద ఆనించి, కుడి మోకాలిని బతిమాలుకుని, "లేవవే తల్లీ, ఇంకా నాలుగు మళ్ళున్నాయి" అని దానికి నచ్చజెప్పి లేచింది. అరవై మూడేళ్ళ మోకాలు అది. మాట వింటే విన్నట్టు, లేకపోతే లేదు.

"నీళ్ళు తాగుతారా?" అంది మారెన్.

"పద్నాలుగు రోజులుగా ఈ పలకలకే చుక్క దొరకలేదు. నాకేం తొందర?"

మారెన్ నవ్వలేదు. సంచి మీద నంబరు రాసి డబ్బాలో పెట్టుకుంది.

పలక అంటే పెద్దదేం కాదు. జానెడు కూడా ఉండదు, రెండు వేళ్ళ వెడల్పు ప్లాస్టిక్ ముక్క. మధ్యలో చిన్న కిటికీ, ఆ కిటికీకి బిగించిన రెజిన్ పొర. నారింజరంగు పలక నైట్రేటును పడుతుంది, ఊదారంగుది పొటాషియం లాంటివాటిని పడుతుంది. రెండు వారాలు మట్టిలో పాతిపెడితే, మొక్క వేరు లాగే, తనకి అందినంత పట్టి దాచుకుంటుంది. తరవాత దాన్ని తీసి, కడిగి, ఆమ్లంలో నానబెట్టి, దాచుకున్నదంతా కక్కిస్తే, ఆ నేలలో పైరుకి తిండి ఏమాత్రం అందుతోందో మిషను లెక్క చెబుతుంది. లెక్క చెప్పేది మిషను, పేరు వచ్చేది ప్రొఫెసర్లకి. పలక మట్టిని సరిగ్గా తాకిందా లేదా అన్నది మాత్రం పాతిన చేతికే తెలుసు. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ చెయ్యి తెక్లాది.

ఆ ఏడాది సస్కచ్వాన్ మైదానాల్లో వాన మొహం చాటేసింది. జులై సగం గడిచింది, అరవై రోజులుగా చుక్క లేదు. గోధుమ మోకాలెత్తు కూడా రాకుండానే పసుపు తిరిగింది. అడుగు వేస్తే చాలు మిడతలు చిటపటలాడుతూ లేస్తున్నాయి. పొద్దున్నే ఊళ్ళో కాఫీ బల్ల చుట్టూ చేరే రైతులు వాన మాటెత్తడం కూడా మానేశారు, ఎత్తితే ఉన్న మబ్బు కాస్తా పారిపోతుందని భయం. ఇక గాలి సంగతి చెప్పనక్కర్లేదు. పగలంతా అదే పని దానికి.

మారెన్ మంచి పిల్ల. పరిశోధనలో మూడో ఏడాది, పెళ్ళి కాలేదు, పాత కారు, దాని నిండా మట్టి డబ్బాలు. ఇంకెవరైనా అయితే మడి గట్టున కుర్చీ వేసుకుని కూచుంటారు. ఈ పిల్ల తనూ మోకాళ్ళ మీద కూచుంటుంది. అయితే ఇవాళ పొద్దున్నుంచీ తెక్లా మొహంలోకి చూడటం లేదు. "మీరు కూచోండి, డబ్బా నేను మోస్తాను", "ఎండగా ఉంది, టోపీ ఇవ్వనా" అంటూ అక్కర్లేని మర్యాదలు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం.

ఎందుకో తెక్లాకి తెలుసు. తనకి తెలుసని మారెన్‌కి తెలియదు.

నిన్న సాయంత్రం సంచులకి అంటించే చీటీల కోసం ప్రింటరు దగ్గరికి వెళ్తే, వాటి కింద మారెన్ కాయితం కూడా వచ్చి ఉంది. చదవాలని చదవలేదు, కళ్ళు పడ్డాయి, అంతే. "తొమ్మిదో మడి. మూడు విడతలూ నైట్రేటు దాదాపు సున్నా. పలకలు సరిగా పాతకపోవడం వల్ల కావచ్చు. పాతినవారు: తెక్లా బొద్నార్‌చుక్. ఈ అంకెలు లెక్కలోంచి తీసెయ్యాలి."

తెక్లా ఆ కాయితాన్ని బోర్లించి పెట్టి, తన చీటీలు తను తీసుకుని ఇంటికి వచ్చేసింది. బీట్‌రూట్ సూపు వెచ్చబెట్టుకుంది. అది మళ్ళీ చల్లారిపోయేదాకా దాని ముందు కూచుంది.

పేరు కోసం ఆమె ఏనాడూ పాకులాడలేదు. భర్త మైరన్ పోయిన ఏడాది ల్యాబులో సీసాలు కడిగే పనికి చేరింది. ఎవరో పురిటికి సెలవు పెడితే ఒక వేసవికని పొలానికి తీసుకెళ్ళారు. ఆ వేసవి ఇప్పటికీ అయిపోలేదు. అయిదుగురు ప్రొఫెసర్లు మారారు. పుస్తకాలు అచ్చయ్యాయి. ఒకదాంట్లో వెనకపేజీలో చిన్నక్షరాలతో "పొలంలో సాయపడినవారికి కృతజ్ఞతలు" అని ఉంటే, లోర్న్ ఆ పేజీ చింపి తెచ్చి "ఇదిగో, నీ గురించి రాశారు" అని ఏడిపించాడు. లోర్న్ అంటే మిషను నడిపేవాడు, ఆమెతో పాటు ముసలివాడవుతున్నవాడు. అప్పుడు తెక్లా కూడా నవ్వింది. కానీ ఇదేమిటి? ఇరవై తొమ్మిదేళ్ళలో ఇంటిపేరుతో సహా తన పేరు కాయితం మీద పడటం ఇదే మొదలు. అది కాస్తా తప్పు పక్కన పడింది. ఒక్క అక్షరం కూడా పొల్లుపోకుండా పడింది, అదొకటి.

తొమ్మిదో మడి దిబ్బ నెత్తి మీద ఉంటుంది. ఇసుక పాలు ఎక్కువ, నీళ్ళు నిలవవు, గాలి మొదట తగిలేది దానికే. ఎక్కేటప్పుడు తెక్లా రెండు చోట్ల ఆగింది. రొమ్ము లోపల ఏదో బిగుసుకున్నట్టు ఊపిరి రావడం లేదు. కలుపు చూస్తున్నట్టు నటించి, ఊపిరి కుదిరాక మళ్ళీ కదిలింది.

"ఇవేంటి?" అంది మారెన్. మడికి బయట, పడమటి అంచున, నాలుగు చిన్న జెండాలు పాతి ఉన్నాయి.

"నావి."

"మీవా?"

"రెండు వారాల కిందట నేనే పాతాను. పాత పలకలు, పెట్టెలో మిగిలినవి. నీ ప్రయోగానికి ఏం అడ్డం కాదులే, అవతలగా పెట్టాను. ఇటు రెండింటికీ ఏం చెయ్యలేదు. అటు రెండింటికీ రోజు విడిచి రోజు పనికొస్తూ ఒక లోటా నీళ్ళు పోశాను."

"ఏ నీళ్ళు?" వెంటనే అడిగింది మారెన్. చదువుకున్న పిల్ల, ముందు ఆ ప్రశ్నే వస్తుంది.

"ల్యాబులో పలకలు కడిగే నీళ్ళే, ఏమీ కలవనివి. బావి నీళ్ళు పోస్తే, ఆ నైట్రేటు బావిదంటావు."

మారెన్ జెండాల వంక, తరవాత తెక్లా బూట్ల వంక చూసింది. "నాతో చెప్పాల్సింది."

"చెప్తే కాయితం మీద పెట్టు, సంతకం తీసుకో, వచ్చే ఏడు చూద్దాం అనేవాళ్ళు. వచ్చే ఏడు ఎవరున్నారో ఎవరు పోయారో."

రెండు వారాల కిందట ఆ కాయితం ఇంకా పుట్టలేదు. కానీ మొదటి రెండు విడతలకే తొమ్మిదో మడి సున్నాలు కొట్టినప్పుడు, మారెన్ పెదవి ఎలా బిగిసిందో తెక్లా చూసింది. పోయిన ఏడు అక్కడ మసూరుపప్పు వేశారు, అది నేలకి నైట్రేటు చేర్చే పంట. వాన కూడా బాగా పడింది. అప్పుడు అన్ని మళ్ళలోకీ ఎక్కువ పలికింది ఈ మడే. అంత తిండి ఏడాదిలో ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. నేలలో ఉన్నది నీటి మీద నడిచి పలక దగ్గరికి రావాలి. నీళ్ళే లేకపోతే ఉన్నచోటే కూచుంటుంది. పైగా నేల ఎండి కుంచించుకుని పలకని వదిలేస్తుంది, మధ్యలో గాలి. ఇదంతా తెక్లాకి ఎవరూ పాఠం చెప్పలేదు. చేతులకి తెలిసింది.

ముందు జెండాల దగ్గరి నాలుగూ తీశారు. ఆ తరవాత మడిలోవి, నారింజరంగువి ఎనిమిది.

ఒక్కో పలకనీ తియ్యబోయే ముందు గడ్డిపరక ఒకటి తుంచి, పలకకీ మట్టికీ నడుమ పెట్టి చూసింది. పరక సులువుగా దిగిపోతోంది. "చూశావా?" అంది. మారెన్ తనూ ఒక పరక తుంచింది. లాగితే పలక కిటికీ మీద సన్నటి దుమ్ముపొర, ఆ దుమ్ములో మట్టి గరుకు అచ్చు. మట్టి దాన్ని ముందు పట్టుకుని, ఎండిపోయాక వదిలేసిందనడానికి అదే సాక్ష్యం. ఒకటి, రెండు, మూడు. ఏడింటికీ అదే అచ్చు.

ఎనిమిదోది మడి మూలన ఉంది. తెక్లా లాగింది. దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది.

కిటికీ శుభ్రంగా ఉంది. పెట్టెలోంచి తీసినట్టు ఉంది.

కత్తితో చీల్చిన సందులో పలక దించాక, బూటు మడమతో ఒక్క పోటు పొడిచి ఆ సందు మూయాలి. ఒక్కటే, బలంగా. ఆ రోజు ఈ మూలకి వచ్చేసరికి మోకాలు సలుపుతోంది. పొడిచాననుకుంది. కాలు మోపింది, అంతే. ఈ పలక మట్టిని ఒక్క పూట కూడా తాకలేదు. దీని సున్నా వానది కాదు, తనది.

"ఏమైంది?" అంది మారెన్.

"ఏం లేదు. సంచి తే."

అనేసింది. నోట్లోంచి జారిపోయింది. సంచిలో వేసి మూసేసింది. తీసినచోట్లలో కొత్త పలకలు పాతింది. ఈ మూల దగ్గర మాత్రం మడమతో రెండు పోట్లు పొడిచింది.

మిగతా మూడు మళ్ళూ ముగించుకుని, పికప్ బండి వెనక తలుపు దించి దాని మీద కూచుని భోజనాలు చేశారు. తెక్లా డబ్బాలో బంగాళాదుంప కూరిన పిరోహీలు, ఉల్లిపాయతో వేయించినవి, చల్లారిపోయి ఒకదానికొకటి అంటుకున్నాయి. సగం మారెన్ వైపు నెట్టింది. మారెన్ తన ఆపిలు కోసి ఇచ్చింది. ఇద్దరూ ఆకాశం వంక చూడకుండా తిన్నారు. పడమర మబ్బులు లేకపోలేదు. అవి రోజూ వస్తాయి, చూసిపోతాయి.

ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పకపోయినా అయిపోయేది. ఇంకో గంటలో అన్నిటినీ కడిగేస్తారు. కడిగాక ఏ పలక మట్టిని తాకింది, ఏది తాకలేదు అన్నది దేవుడు కూడా చెప్పలేడు. ఎనిమిది సున్నాలూ వాన పద్దులోకే పోతాయి. తెక్లా పేరు మీద మచ్చ ఉండదు. అలాంటప్పుడు నోరు మెదపడం ఎందుకు? తొలి ముద్ద దగ్గర అలా అనుకుంది. ఆఖరి ముద్ద దగ్గరా అలాగే అనుకుంది. అయినా రెండు పిరోహీలు డబ్బాలోనే ఉంచి మూత పెట్టేసింది.

ల్యాబులో కడిగే గది ఆమెది. ఎత్తు తక్కువ తొట్టి, మెత్తని బ్రష్షు, సన్నటి ధారగా పడే శుద్ధమైన నీళ్ళు. కిటికీ కింద ఆరబెట్టే చట్రం. తెక్లా నీటిధార వదిలింది. ఒక్కో మడివీ వరసగా కడిగింది, ముందు ఒకవైపు, తరవాత రెండోవైపు, పసిపిల్ల చెవులు తోమినట్టు. తొమ్మిదో మడి సంచులు ఆఖరికి పెట్టుకుంది. ఏడు కడిగింది. ఎనిమిదోది చేతిలోకి తీసుకుని బ్రష్షు ఎత్తింది. ఎత్తిన బ్రష్షు అలాగే ఉండిపోయింది.

"మారెన్!" అని కేకేసింది. "ఇటు రా అమ్మాయ్. తొందరగా రా, నా మనసు మారకముందే."

మారెన్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇది చూడు. దుమ్ముందా దీని మీద?"

"లేదు."

"మిగతావాటి మీద ఉండటం నీ కళ్ళతో చూశావు. దీని మీద లేదంటే ఇది మట్టిని తాకలేదు. నేను సరిగ్గా ఒత్తలేదు. దీన్ని నువ్వు తీసెయ్. ఇది నా చేతి తప్పు. మిగతా ఏడూ కాదు. ఆ ఏడూ వాన లేక." బ్రష్షు తొట్టి అంచున పెట్టింది. "ఆ కాయితం నేను చూశాను. చూడాలని చూడలేదు."

మారెన్ మొహం మెడదాకా ఎర్రబడింది. "తెక్లా, నేను... అది ఇంకా చిత్తుప్రతే. ప్రొఫెసరు గారు కారణం రాయమన్నారు, నాకేం తోచక..."

"తోచకపోతే అడగాలి. పక్కనే ఉన్నానుగా, రోజూ పక్కనే ఉన్నాను."

మారెన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి తెక్లా మెత్తబడింది. అసలు కోపం నిలుపుకోవడం ఆమెకి ఏనాడూ చేతకాలేదు. "సరే సరే, ఇక్కడ ఉప్పునీళ్ళు కార్చకు, పలకల మీద పడితే లోర్న్ మిషను గగ్గోలు పెడుతుంది" అంది. మారెన్ ఏడుస్తూనే నవ్వింది.

ఆమ్లంలో గంటసేపు నానాక, దిబ్బ మీది నాలుగింటి ద్రవాన్నీ లోర్న్ మిగతావాటికంటే ముందు మిషనుకి ఎక్కించాడు. విషయం అప్పటికే అతని చెవిన పడింది.

"ఆకాశం మీద కోపం ఈవిడ మీదా?" అన్నాడు మారెన్‌తో. "అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే."

"నోరు మూసుకుని అంకెలు చదువు" అంది తెక్లా. నిలబడలేక స్టూలు లాక్కుని కూచుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ కణుపులు లావెక్కి, బొటనవేలి గోటి కింద మట్టి గీత శాశ్వతంగా ఉండిపోయిన చేతులు. ఆ చేతుల వంకే చూసుకుంటూ ఉంది.

"నీళ్ళు పోయనివి..." తెర మీదికి వంగాడు లోర్న్. "నాలుగు. రెండోది ఆరు."

"పోసినవి?" అంది మారెన్.

లోర్న్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, ముసలి వేషగాడు. "నూట ఎనభై ఎనిమిది. రెండోది... రెండు వందల మూడు."

అదే దిబ్బ, అదే మట్టి, అదే చెయ్యి. తేడా ఒక్క లోటా నీళ్ళు. మారెన్ ఆ నాలుగు అంకెలూ రాసుకుంది. "అయితే ఆ మడి వట్టిపోలేదు" అంది మెల్లగా. "ఉన్నది అలాగే ఉంది. వాన కోసం చూస్తోంది."

"ఊఁ" అంది తెక్లా. భుజాలు దిగాయి. నిన్న సాయంత్రం నుంచీ అవి చెవుల దాకా బిగిసి ఉన్నాయని అప్పుడే ఆమెకి తెలిసింది.

మారెన్ అక్కడికక్కడే కాయితం తిరగరాసింది. రాసి పైకి చదివింది. "తొమ్మిదో మడి. వెనకటి మూడు విడతలూ, ఈ విడతలో ఏడు పలకలూ: నేల ఎండి పలకను వదిలేసింది, నైట్రేటు చేరలేదు. అంకెలు ఉంచాలి. ఒక పలక: మట్టిని తాకలేదు, తీసెయ్యాలి." ఆగి, "మీ పేరు కొట్టేశాను" అంది.

"ఎందుకు కొట్టేశావు?"

"మరి..."

"ఆ ఒక్కదాని పక్కన ఉంచు. నేను చేసిందేగా. ఆ ఏడింటి పక్కనా ఉంచు. అవి కూడా నేను చేసినవే."

మారెన్ రాసింది. బొద్నార్‌చుక్ అన్నది రెండు చోట్లా పూర్తిగా రాసింది. తెక్లా కాయితం అందుకుని, చేయి చాపినంత దూరంలో పట్టుకుని, అక్షరం అక్షరం చూసుకుని, తిరిగి ఇచ్చేసింది.

"వాన పడితే ఎంత పడిందో ఎలా రాయడం?" అంది మారెన్. "మన కొలత పాత్ర ఆఫీసు దగ్గరుంది. దిబ్బ మీద ఎంత పడిందో దానికేం తెలుసు?"

"అదే కదా నేనూ ఆలోచిస్తున్నది" అంది తెక్లా, కోటు తగిలించుకుంటూ. అయిదున్నరకి ఆమె పికప్ గేటు దాటింది. ఊరివైపు తిరగలేదు, పొలంవైపు తిరిగింది. కిటికీలోంచి లోర్న్ చూశాడు కానీ, ఆమె ఏదో మరిచిపోయి వెళ్తోందనుకున్నాడు.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అంటారు. ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. తెల్లారగట్ల మొదలైన వాన మధ్యాహ్నం దాకా పడింది, గాలి లేకుండా, తొందర లేకుండా, నేల తాగగలిగినంత నిదానంగా. పొద్దున ఏడింటికి తెక్లా పనికి రాలేదు. ఏడుం పావుకి లోర్న్ తాళాలు తీసుకుని బయలుదేరాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఆమె ఒక్కరోజు కూడా పావుగంట ఆలస్యం చెయ్యలేదు మరి. తెక్లా తన ఇంటి వెనకవాకిట కుర్చీలో కూచుని ఉంది. ఒక బూటు విప్పింది, రెండోదాని తాడు ముడి వీడి ఉంది. మొహం నెమ్మదిగా ఉందని లోర్న్ చెప్పాడు. వాన చప్పుడు ఆమె విందో లేదో తెలియదు. వినే ఉంటుందని మారెన్ అనుకుంది, అలా అనుకోకపోతే ఆ పూట గడవదు ఆ పిల్లకి.

మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చాక మారెన్ ఒక్కతే దిబ్బ ఎక్కింది. అక్కడ పనేం లేదు. కొత్త పలకలు తియ్యడానికి ఇంకా పదమూడు రోజులున్నాయి. మట్టి నల్లబడి, నెర్రెలన్నీ మూసుకుపోయి, తడివాసన కొడుతోంది. ఆమె ఒంగి గడ్డిపరక ఒకటి తుంచి, పలక పక్కన గుచ్చి చూసింది. పరక దిగలేదు.

తొమ్మిదో మడి మూలన కర్రకి, రెండు చుట్లు తీగ చుట్టి, నిన్న పొద్దున అక్కడ లేని జామ్ సీసా ఒకటి, సాస్కటూన్ అనే అడవిపళ్ళది, కట్టి ఉంది. మూత లేదు. చీటీ సగం నాని వేలాడుతోంది. అడుగు నుంచి పైదాకా ఆకురాయితో ఓపిగ్గా గీసిన గీతలు, ప్రతి అయిదో గీతా కాస్త పొడుగు. సీసాలో పదిహేనో గీత దాటి, పదహారోదానికి కొంచెం కిందుగా, వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి.